తెల్లగా వదలాల్సిన చోటు

పోయిన వారం చెల్లాయిని గోడ మీది ఏడో షీటు ముందు, చేతిలో చల్లారిపోయిన టీ గ్లాసుతో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. టీ గ్లాసు మాత్రం ఎవరో తీసుకెళ్లారు.

అప్పటిదాకా జరిగింది ఇదీ. తెల్లవారుతూనే ఒక చమురు ఓడ రేవు బయట మునిగి ఉన్న రాతిని గుద్దుకుని పొట్ట చీల్చుకుంది. కారిన చమురు గాలి తోసినవైపుకీ నీళ్లు లాగినవైపుకీ జరుగుతూ ఒడ్డుకేసి వస్తోంది. చమురు పడితే ఏ ఒడ్డు తట్టుకుంటుందో, ఏది తట్టుకోలేదో రంగుల్లో చూపించే పటాలు గీయడమే ఈ ఆఫీసు పని. ఏడాదంతా ఎవరికీ గుర్తుండని ఆఫీసు. ఈ పూట మాత్రం ఫోను మోగని నిమిషం లేదు.

పటంలో ఎరుపు కనిపిస్తే ముందు కాపాడాల్సిన చోటని అర్థం. బురద నేలలు, మడచెట్లు; చమురు ఒకసారి దిగిందంటే ఓ తరం గడిచినా వదలనివి. పసుపు గట్టి ఇసుక. చమురు దానిమీద పైపైనే నిలుస్తుంది, పారలతో ఎత్తేయొచ్చు. నీలం రాయి. ఎవరూ ఇంకా నడిచి చూడని చోటికి ఏ రంగూ ఉండదు. కాగితం తెల్లగా వదిలేస్తారు.

గోడ మీద పక్కపక్కనే అతికించిన పన్నెండు షీట్లనీ గీసినవాడు చెల్లాయి అన్నయ్య. అతను ఆఫీసులో 'చెల్లాయ్' అని పిలవడం విని విని అందరికీ అదే అలవాటైంది. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అన్నయ్య తీరానికి బయల్దేరుతూ, బూట్ల తాళ్లు కట్టుకోవడానికి గుమ్మంలో కూర్చున్నాడు. లేవలేదు. ఒక బూటు తాడు కట్టే ఉంది.

ఏడో షీటు అతని చివరి షీటు. అందులో ఏదో లేదని చెల్లాయికి పొద్దున్నుంచీ అనిపిస్తోంది. ఏది లేదో మాత్రం అందడం లేదు.

"ఏమ్మా చెల్లాయ్, గోడతో ముచ్చట్లు అయ్యాయా? ఇటు రా ఓసారి."

పిలిచింది గడియారం సారు. ఆఫీసుకి పెద్ద ఆయనే. చేతికి గడియారం లేనిరోజు కూడా మణికట్టు చూసుకునే మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఈరోజు గడియారం ఉంది. పదేపదే దాన్ని చూసుకోవడంతో దానికింది చర్మం ఎర్రబడింది.

"తేలే అడ్డుకట్ట మన దగ్గర ఉన్నదొక్కటే. ఊరంతటికీ చుట్టేంత పొడుగు లేదు. ఆయిలు ఎక్కడో ఒకచోట ఒడ్డెక్కి తీరుతుంది. ఆ చోటేదో మనమే చూపిస్తే మేలు, లేదంటే దానికి నచ్చిన చోటు అది చూసుకుంటుంది." పెన్సిలు మొనని ఏడో షీటు మీద ఆనించాడు. "ఏరు సముద్రంలో కలిసే ఈ ఏటిమొగ అవతల, ఇదిగో ఈ పసుపు. మంచి ఇసుక. పక్కనే లారీలు వెళ్లే రోడ్డు. అడ్డుకట్టని ఏటవాలుగా వేస్తే ఆయిలంతా జారుకుంటూ వచ్చి ఇక్కడ పడుతుంది. ఎత్తిపోసుకుంటాం. పోటు మొదలయ్యేలోగా దించాలి. లాంచీ అటే వెళ్తోంది. నువ్వు ఊఁ అంటే దాన్ని నడిపే సారంగుకి చెప్పేస్తా."

"నేను ఊఁ అనడమేంటి సార్?"

"మీ అన్నయ్య షీటు. ఆయన లేడు. ఆయన చెయ్యి నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. నాకూ కాస్త ధైర్యం కావాలి కదమ్మా."

కిటికీ పక్కన రేడియో ముందు కూర్చున్న, ఆఫీసంతా బాబాయి అని పిలిచే బాబాయి నవ్వాడు. "ధైర్యం కావాలంటే పెద్దసారు చెల్లాయి దగ్గరికి రావాలా? ఇదేం కాలం వచ్చింది!"

"నువ్వు ఆ డబ్బాలో చెవి పెట్టుకుని కూర్చో."

చెల్లాయి నవ్వలేదు. పెన్సిలు మొన ఆగిన చోటే చూస్తోంది. అప్పుడు కనిపించింది, అక్కడ లేనిదేమిటో.

అన్నయ్య ఒడ్డు వెంట నడుస్తూ ఆగి ఆగి గుంటలు తవ్వేవాడు. మోకాలి లోతు. పైనున్న ఇసుక అందరికీ కనిపిస్తుంది, కిందేముందో అడిగితేగాని చెప్పదు అనేవాడు. తవ్విన ప్రతిచోటా షీటు మీద ఈగ కాలంత గుణకారం గుర్తు పెట్టేవాడు. 'మీ షీటు మీద ఈగలు వాలాయండోయ్' అని ఆఫీసులో ఏడిపించేవాళ్లు. చివరికి వాటి పేరే ఈగలైపోయింది. రాతి ఒడ్డున తవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి నీలం మీద ఈగలుండవు. ఇసుక మీద ఈగలు లేకుండా అతను ఏ షీటూ ముగించలేదు.

ఏటిమొగకి ఇవతల పసుపు నిండా ఈగలే. అవతల ఒక్కటీ లేదు.

"సార్, వదినని ఒక్క మాట అడిగి వచ్చేస్తాను."

"ఇప్పుడా? ఆయిలు ఆగుతుందేంటి మీ వదినా ఆడపడుచుల మాటలయ్యేదాకా?"

ఆమె అప్పటికే సగం హాలు దాటింది.

వదిన ప్రింటు గదిలో ఉంది. ఆమెదీ ఈ ఆఫీసే. షీట్లకి రంగులు నింపడం, కాపీలు తీయడం ఆమె పని. కిటికీ లేని గది. యంత్రం పొద్దున్నుంచీ ఆగకుండా తిరగడంతో గోడలు కూడా వేడెక్కి ఉన్నాయి. మణికట్టు నిండా రబ్బరు బ్యాండ్లు తొడుక్కుని, వచ్చిన షీటుని వచ్చినట్టే చుట్టి, బ్యాండు వేసి పక్కన నిలబెడుతోంది.

"లాంచీకి పంపాల్సినవి పంపేశాను. రేవు వాళ్లవి ఇవిగో," అంది తలెత్తకుండా.

"కాపీల కోసం రాలేదు. వదినా, ఏడో షీటులో ఏటిమొగ అవతల ఈగలు లేవు."

వదిన చేతిలో బ్యాండు సాగి ఆగింది. "ప్రింటులో పోయుంటాయి. అంత సన్నటివి ఒక్కోసారి పడవు."

"గోడ మీదున్నది ప్రింటు కాదు. అసలుది."

యంత్రం ఇంకో షీటుని బయటికి తోసింది. వదిన దాన్ని అందుకోలేదు. చెయ్యి చాపి మీట నొక్కింది. చప్పుడు ఆగిపోయేసరికి హాల్లోని ఫోన్లు పక్కనే మోగుతున్నట్టు వినిపించాయి.

"ఇప్పుడే అడగాలా ఇది?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ అడగక్కర్లేదు. గడియారం సారు ఆయిలుని అక్కడికే పంపిస్తున్నాడు."

"అక్కడికా?" వదిన మొహంలో రంగు మారింది. "అక్కడికెందుకు? ఎవరూ తొక్కని మూల అది."

"పసుపు ఉంది కదా. పసుపు ఉంటే పంపరా మరి?"

వదిన మూలనున్న ఎత్తు స్టూలు మీద కూర్చుంది. బ్యాండ్లు ఒక్కొక్కటే మణికట్టు నుంచి తీయడం మొదలుపెట్టింది, ఇంటికి వెళ్లేవేళ గాజులు తీసేసినట్టు.

"ఆ రంగు నేను వేశాను," అంది.

చెల్లాయికి ఈ మాట వస్తుందని మాట మాటకీ తెలుస్తూనే ఉంది. అయినా అడిగింది.

"ఎప్పుడు?"

"అందరూ వచ్చి, చూసి, వెళ్లిపోయాక. షీటు ఇంట్లోనే ఉండిపోయింది, భోజనాల బల్ల మీద. అంతా నిండి, ఆ మూల ఒక్క తెల్ల ముక్క. అరచేతంత కూడా ఉండదు. అన్నం ముందు కూర్చుంటే అదే కనిపించేది. తిప్పి పెట్టాను. తిప్పినా కనిపించేది. మనిషి ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయాడో అంత చక్కగా గీత గీసి చూపించినట్టు ఉండేది, చెల్లాయీ. ఇంకెవరి ఇంట్లోనైనా ఉంటుందా అలాంటి వస్తువు?"

"తెల్లగా వదిలేయాలని కదా! కొత్తగా చేరినవాళ్లకి అన్నయ్య మొదటిరోజు చెప్పే మాట అదే కదా! నడవని చోట రంగు వేస్తే అది పటం కాదు, బొమ్మ అని..."

"నాకు చెప్తున్నావా ఆ మాట?" వదిన గొంతు పెరగలేదు. పెరిగితేనే బాగుండేదనిపించింది చెల్లాయికి. "నీకంటే ముందు విన్నదాన్ని. ఈ గదిలో, ఈ స్టూలు మీద కూర్చుని విన్నదాన్ని. షీటు ఎప్పుడిస్తావని ఫోను చేసిందెవరు? 'వదినా, అన్నయ్యది ఒక్కటే మిగిలింది, అదొస్తే పన్నెండూ అన్నయ్య పేరుమీద అచ్చవుతాయి' అన్నదెవరు? నేను కాదు."

అన్నది చెల్లాయే. ఒకసారి కాదు.

"దేన్ని చూసి వేశావు?" అని మాత్రం అడిగింది.

"ఆయన తీసిన ఫోటోలున్నాయి కదా, చివరివి. ఇసుక కనిపించింది. పసుపు వేశాను. నా ఊహలోంచి తీసి వేయలేదు." ఫోను తీసి, వెతక్కుండానే ఆ ఫోటో చూపించింది. దాన్ని ఎన్నిసార్లు తెరిచిందో, ఆ వేలికి అలవాటైపోయింది. "ఈగలు కూడా పెడదామని కూర్చున్నాను. పెన్ను పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. రంగంటే ఎప్పుడూ నేనే వేసేదాన్ని. ఆ గుర్తులు ఆయనవి."

చెల్లాయి ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. సన్నటి ఇసుక పట్టీ. దానికి ఆనుకుని గడ్డి దుబ్బులు. దుబ్బుల మొదళ్లలో నీళ్లు మెరుస్తున్నాయి. ఏ ఒడ్డునైనా అన్నయ్య రెండుసార్లు చూసేవాడు. నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో చూడ్డానికి ఒకసారి పోటు మీద. అవి వెనక్కి తగ్గాక నడిచి, తవ్వడానికి ఇంకోసారి ఆటు మీద.

"వదినా, ఇది పోటు మీద తీసింది. నీళ్లు గడ్డిదాకా ఎక్కి ఉన్నాయి చూడు. మొదటిసారి వెళ్లినప్పటిది ఇది."

"అయితే?"

"రెండోసారికే కదా ఆ పొద్దున బయల్దేరింది."

వదిన ఫోను వెనక్కి తీసుకుంది. తెర ఆరిపోయేదాకా దాన్నే చూసింది. పైట చెంగుతో అద్దాన్ని తుడిచింది. తుడవడానికి దానిమీద ఏమీ లేదు.

"ఆ నీళ్ల కింద ఏముంది మరి?"

"తెలీదు. ఏటిమొగ పక్కన, గాలి తగలని మూల. అలాంటి చోట ఇంత ఇసుక నిలిచిందంటే నేను నమ్మను. అంచున ఓ పట్టీ ఉండుంటుంది, మిగతాదంతా బురద. బురదే అయితే ఊళ్లో ప్రతి వలలోనూ పడే రొయ్య పిల్లగా ఉన్నప్పుడు పెరిగేది అక్కడే. పీత బొరియల్లోంచి ఆయిలు లోపలికి దిగిందంటే ఏ పారకీ అందదు. మన తర్వాతి వాళ్లకి కూడా అందదు."

వదిన లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"పద. సారుకి నేనే చెప్తాను."

"నువ్వొద్దు. పొద్దున్నుంచీ ఆయన నిప్పుల మీద ఉన్నాడు. ఏం మాటంటాడో, ఉద్యోగానికే ఎసరు పెడతాడో. నేను చెప్తా."

"ఉద్యోగం సంగతి తర్వాత. ముందు నేను చెప్పేది పూర్తిగా విను. ఆ ఆఖరు రోజుల్లో మీ అన్నయ్య..."

"చెల్లాయ్!" హాల్లోంచి గడియారం సారు గొంతు గోడల్ని దాటి వచ్చింది. "లాంచీ మొగ దగ్గరికి చేరిందమ్మా! ఊఁ అంటావా, ఉహూఁ అంటావా?"

"తర్వాత చెబుదువుగాని వదినా," అంటూ చెల్లాయి పరుగెత్తింది.

హాల్లో అందరూ రేడియో చుట్టూ చేరారు. గరగరల మధ్యలోంచి సారంగు గొంతు తెరలు తెరలుగా వస్తోంది. అడ్డుకట్ట ఒక కొస దించామని, రెండో కొస ఎక్కడ కట్టాలో చెప్పమని.

"ఆపించండి సార్," అంది చెల్లాయి. "అక్కడ అన్నయ్య నడవలేదు. ఫోటో చూసి రంగు వేశాం. ఆ ఫోటో పోటు మీద తీసింది. కింద బురద ఉండొచ్చు."

గడియారం సారు ఆమె మొహంలోకి చూశాడు. మణికట్టు చూసుకోవడం మర్చిపోయాడు.

"వేశామా? ఎవరమ్మా వేసింది?"

"మేమే సార్. ఇంట్లోవాళ్లం."

బాబాయి తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు. గడియారం సారు ప్రింటు గది తలుపువైపు ఒకసారి చూశాడు. అర్థమైనట్టే ఉంది.

"వెళ్లి చూసొచ్చే వ్యవధి లేదు," అన్నాడు. "బండి అక్కడికి చేరేసరికి పోటు మొదలైపోతుంది. ఇక మిగిలిన చోటొక్కటే." నాలుగో షీటు దగ్గరికి నడిచాడు. "దీపస్తంభం వెనక రాతి మడుగు. మూడువైపులా రాయి, అడుగునా రాయే. ఆయిలు అందులో చిక్కిందంటే ఎటూ పోలేదు, పంపులతో తోడేయొచ్చు. రోడ్డు లేదు, అన్నీ మెట్ల మీంచి భుజాన మోసుకెళ్లాలి. అందుకే వద్దనుకున్నా. సరే, మోస్తారు." అని ఆగి, గిరుక్కున తిరిగాడు. "కానీ చెల్లాయ్, ఇది మాత్రం నిజమని ఏంటి నమ్మకం? ఒక షీటులో నడవకుండా రంగు వేశారని ఇప్పుడు చెప్తున్నావు. మిగతా పదకొండింటినీ నేనెలా నమ్మేది? గోడ మీంచి పీకేయమంటావా అన్నిటినీ? పీకేసి కళ్లు మూసుకుని చెప్పనా సారంగుకి ఎటు వెళ్లాలో?"

గోడ మీద తీరమంతా ఒక కొస నుంచి ఇంకో కొసకి రంగురంగులుగా పరుచుకుని ఉంది. ఆ రంగుల వెనక అన్నయ్య నడిచిన ఏళ్లన్నీ ఉన్నాయి. ఎండకి చిట్లిన అతని పెదవులున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా బూడిదరంగు వదలని ప్యాంట్లున్నాయి. తెలీదు అని ఒక్క మాట అంటే అదంతా గోడ దిగిపోతుంది.

చెల్లాయి నాలుగో షీటుని చూసింది. మడుగు చుట్టూ నీలం చక్కగా, అంచు దాటకుండా ఉంది. ఈగలు లేవు. రాతి మీద ఈగలుండవు కదా.

"ఇది అన్నయ్య నడిచిందే సార్."

"చూశావా నువ్వు?"

"చూడక్కర్లేదు. నాకు తెలుసు."

"పూచీ నీదేనా మరి?"

"నాదే."

గడియారం సారు ఆమెని ఇంకో క్షణం చూసి, బాబాయి భుజం తట్టాడు. బాబాయి మైకు అందుకున్నాడు.

"సారంగన్నా, మొగ దగ్గర వద్దు. వినపడుతోందా? మొగ వద్దు. దించిన కొస ఎత్తేసి దీపస్తంభం వెనక్కి పోనీ. రాతి మడుగు వాకిట్లో కట్టు. ఆయిలుని అందులోకి తోలు."

"భలేవాళ్లయ్యా మీరు!" గరగర మధ్య సారంగు కేక. "టెంటు అనుకున్నారా, పీకి పక్క వీధిలో వేయడానికి? తిప్పుతున్నాంలే. కానీ ఒక్కటే మాట. అక్కడ దించామంటే దించినట్టే. పోటు ఎత్తుకుంటే మళ్లీ ఎత్తడం నా వల్ల కాదు, మీ తాతలొచ్చినా కాదు."

"ఎత్తమనంలే, పోనీ."

గడియారం సారు ఏడో షీటు మీది పసుపుని పెన్సిలుతో అడ్డంగా కొట్టేశాడు. కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. హాలు మళ్లీ కదిలింది. పంపుల కోసం ఒకరు, కూలీల కోసం ఒకరు ఫోన్లు అందుకున్నారు. చెల్లాయి దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నానని కాళ్లు అప్పుడు చెప్పాయి. ఏటిమొగ అవతల, తను ఒక్కసారైనా చూడని ఆ మూలన, పీతలు తమ పనేదో తాము చూసుకుంటూ ఉంటాయి. అంతవరకు చాలు అనుకుంది.

ప్రింటు గది తలుపు తెరుచుకుంది. వదిన మొహం కడుక్కుని వచ్చినట్టుంది. చెంపల దగ్గర జుట్టు తడిసి అంటుకుంది.

"నేనే చెప్తానన్నాను కదా. ఆగకుండా వచ్చేశావు."

"చెప్పేశాను వదినా. మొగ దగ్గరికి పంపట్లేదు. నిన్నేమీ అనలేదు కూడా."

వదిన కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఆమె అలా ఊపిరి తీయడం చెల్లాయి చూడలేదు.

"మరెక్కడికి పంపిస్తున్నారు?"

"దీపస్తంభం వెనక రాతి మడుగుకి. నాలుగో షీటు. సారు నమ్మలేదు. నేను పూచీ ఇచ్చాను."

వదిన కళ్లు తెరిచింది. నాలుగో షీటుని కాదు, చెల్లాయిని చూసింది. ఆ తర్వాత కిటికీ పక్కన రేడియోని చూసింది. అందులోంచి లాంచీ ఇంజను మోత సన్నగా, ఒకే ధాటిన వినపడుతోంది. ఆమె చెయ్యి వచ్చి చెల్లాయి మణికట్టు పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి.

"పూర్తిగా వినమన్నాను," అంది. గొంతు ఇద్దరి మధ్యే ఉండేంత చిన్నది. "నాలుగో షీటు గీసేనాటికే మీ అన్నయ్యకి ఆయాసం మొదలైంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నీకు అసలే చెప్పొద్దన్నాడు. దీపస్తంభం దగ్గరి ఆ మెట్లు సగం దిగి, అక్కడే కూర్చుండిపోయి, పైనుంచే చూసి వచ్చేశాడు. మడుగు దగ్గరికి ఆయన వెళ్లనే లేదు."

"మరి ఆ రంగు? అదీ నువ్వే..."

వదిన తల అడ్డంగా ఊపింది.

"కాదు చెల్లాయీ. ఆ నీలం ఆయన వేసిందే."